ఉడకబెట్టిన గుల్లలతో హైదరాబాద్‌కి

జూన్ 7, గూడూరు స్టేషన్

చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఇంకా రాలేదు. బ్యాగులో రెండు చీరలు, పిన్నికి ఒక కిలో ఎండు రొయ్యలు, మూత బిగించిన హార్లిక్స్ సీసాలో నల్లటి గుల్లలు ఉన్నాయి. హైదరాబాద్ వెళ్తున్నది ఆ సీసా కోసమే.

మాది సూళ్ళూరుపేట పక్కన, పులికాట్ సరస్సు ఒడ్డు. మా పెద్దవాళ్ళు ప్రళయకావేరి అనేవాళ్ళు. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. సరస్సులో ఎక్కువ భాగం మన ఆంధ్రలోనే ఉంది కానీ, సముద్రం లోపలికొచ్చే పెద్ద దారి మాత్రం దక్షిణాన తమిళనాడులో, పళవేర్కాడు దగ్గర ఉంది. మా వైపు రాయదొరువు ముఖద్వారం ఇసుక మేటలు వేసి పూడుకుపోతూ ఉంటుంది. కాబట్టి అక్కడి నీళ్ళలో ఏం తిరిగినా ఏదో ఒక పోటుకి మా వైపు రావాల్సిందే. నా కంగారంతా అందుకే.

మా పెద్దమ్మను ఇచ్చింది ఆ పళవేర్కాడుకే. మే నెలలో చూడ్డానికి వెళ్తే, అరికాళ్ళకి పసుపు రాసుకుని అరుగు మీద కూర్చుని ఉంది. వల లేకుండా, మోకాటి లోతు నీళ్ళలో వంగి, బురదలో చేతులతో తడుముతూ రొయ్యలు పట్టే పని ఆమెది. చిన్నప్పట్నుంచీ అదే పని. "కాలు పెడితే మెత్తగా బురద తగలాల మే. ఇప్పుడు కత్తులు తగలతా ఉండాయి" అంది.

మర్నాడు తీసుకెళ్ళి చూపించింది. నీళ్ళు తీసిన చోట చాప పరిచినట్టు నల్లటి చిన్న చిన్న గుల్లలు. ఒకటి లాగితే పది వచ్చాయి. అన్నీ పీచుతో ఒకదానికొకటి కట్టేసుకుని ఉన్నాయి. ఆ చాప అంచు పట్టుకుని ఎత్తితే కింద బురద తారులా ఉంది, కుళ్ళిన కోడిగుడ్డు వాసన. ఎప్పుడూ దొరికే పసుప్పచ్చ గుల్లలు అందులో నోళ్ళు తెరుచుకుని చచ్చి ఉన్నాయి. పగలంతా బురదలో దూరి దాక్కునే రొయ్యకి దూరడానికి బురదే లేదు.

అక్కడివాళ్ళు దీన్ని కాకా ఆళి అంటారు. రంగు కూడా కాకి రంగే. చెన్నై పక్కనున్న ఎన్నూరు వైపు నుంచి పాకిందని చెప్పుకుంటారు. పళవేర్కాడులో పాడు అని ఒక పాత పద్ధతి ఉంది, ఏ రోజు ఏ చోట ఎవరు వల కట్టాలో వంతులు వేసుకుంటారు. పెదనాన్న తన వంతు వచ్చిన రోజు వల ఎత్తితే రొయ్యల కంటే గుల్లల బరువే ఎక్కువగా ఉందట. వల చిరిగి, ఆ రోజు సంపాదన వల బాగుచేయడానికే పోయింది.

హైదరాబాద్‌లో ఉన్న బాబాయికి ఫోన్ చేశాను. రిటైరైన జువాలజీ లెక్చరర్. మాట పూర్తి కాకుండానే అడ్డుపడ్డాడు. "బతికున్నవి తేవద్దమ్మా. మీ ఊరికి కూడా తీసుకెళ్ళొద్దు. అక్కడే ఉడకబెట్టి, ఎండబెట్టి, అప్పుడు తే. కడిగిన నీళ్ళు కాలవలో పోయకు, ఎండిన ఇసుకలో పోయ్." పెద్దమ్మ కట్టెల పొయ్యి మీదే ఉడకబెట్టాను. ఉడుకుతున్నప్పుడు వాసన మామూలు గుల్లల వాసనలానే ఉంది. వీటిని మొదట్లో అక్కడ కొందరు వండుకుని కూడా చూశారట. మాంసం చారెడు కూడా రాదు.

జూన్ 8, నాంపల్లి, రాంనగర్, అత్తాపూర్

రైలు దిగేసరికి ఎనిమిది దాటింది. మృగశిర కార్తె కదా, స్టేషన్ బయట నేల ఈనినట్టు జనం. ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప మందు. నా బోగీలో ఒంగోలులో ఎక్కిన ఒకామె ఆస్తమా ఉన్న ఏడేళ్ళ బాబుని తీసుకుని అక్కడికే వచ్చింది. రాత్రంతా వాడి ఊపిరి ఈల వేస్తున్నట్టు వినిపిస్తూనే ఉంది. వాళ్ళని గేటు దాకా దిగబెట్టాను. వరసలో ఉన్నవాళ్ళ చేతుల్లో ప్లాస్టిక్ కవర్లు, వాటిలో దోసెడు నీళ్ళు, ఆ నీళ్ళలో వేలెడంత కొర్రమీను పిల్లలు గిరగిరా తిరుగుతున్నాయి. ఒక ప్రాణి ఊరు దాటడానికి దోసెడు నీళ్ళు చాలు. అది చూసి నాకు వేరే ఆలోచన రాలేదు.

ఆటో అతను "యాడికి పోవాలె మేడం, చేప మందు అయిపోయిందా?" అన్నాడు. అత్తాపూర్ అన్నాను. ఎక్స్‌ప్రెస్ వే కింద పిల్లర్ నంబరు చెబితే చాలు, ఇల్లు తనే పట్టుకున్నాడు.

పిన్ని కాఫీ ఇస్తూనే "ఇవాళ చేప లేకుండా పొయ్యి వెలిగించను" అంది. బాబాయి, నేను రాంనగర్ చేపల మార్కెట్‌కి వెళ్ళాం. ఆ రోజు రాంనగర్‌లో కాలు పెట్టే చోటు ఉండదు. రవ్వ, బొచ్చె, తొట్టెల్లో బతికున్న కొర్రమీను, ఐసు మీద వంజరం, చందువా. కత్తిపీటల చప్పుడు, బేరాలు, నీళ్ళు. మా సరస్సు రొయ్య ఉందేమోనని ఆశగా వెతికాను. లేదు. ఉన్నదంతా చెరువుల్లో పెంచిన వెనామీయే.

వెనామీ కూడా మన రొయ్య కాదు. అమెరికా ఖండాల పసిఫిక్ తీరానిది. మన దేశంలో పెంచడానికి 2009లో అనుమతి ఇచ్చారు. పరీక్షించిన తల్లి రొయ్యలనే తెప్పించాలని, క్వారంటైన్‌లో పెట్టాలని షరతులు పెట్టారు. నెల్లూరు, భీమవరం వైపు ఎన్ని ఇళ్ళు దాని మీద నిలబడ్డాయో అందరికీ తెలుసు. బయట నుంచి వచ్చిన ప్రతిదీ శత్రువని నేననను. వెనామీ తెలిసి తెచ్చింది, చెరువు గట్టుకి లోపల ఉంది, దాన్ని కనిపెట్టుకుని ఒక మనిషి ఉంటాడు. పెద్దమ్మ కాలు కోసిన దానికి ఆ మూడూ లేవు.

మధ్యాహ్నం చేపల పులుసు అయ్యాక బాబాయి భూతద్దం, తెల్ల పళ్ళెం తెచ్చుకుని బాల్కనీలో కూర్చున్నాడు. సీసా విప్పి గుల్లలన్నీ పళ్ళెంలో పోశాను. పెద్దదే బొటనవేలి పైకణుపంత ఉంది. దూరం నుంచి అన్నీ నలుపే, దగ్గర పెట్టుకుంటే వేరు. ఒకటి గోధుమ, ఒకటి ముదురు ఆకుపచ్చ, ఒకదానికి సన్నటి అలల్లాంటి గీతలు. పెంకు పలచన, గోటితో నొక్కితే అంచు విరిగింది. లోపల మాత్రం నిగనిగలాడే వంకాయ రంగు. ఎండినా పీచు ఇంకా ఊడలేదు. బాబాయి దాన్ని పట్టకారుతో లాగి చూపించాడు. "ఇదమ్మా దీని బలం. జిగురు దారాలు. రాయి, చెక్క, ఇనుము, తాడు, ఏది దొరికితే దాన్ని పట్టుకుంటుంది. ఏదీ దొరక్కపోతే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి."

తన పాత డబ్బాలోంచి విశాఖ తీరంలో ఏరిన పచ్చ ఆల్చిప్ప ఒకటి తీసి పక్కన పెట్టాడు. మనదే, ఈ సముద్రాలదే. అరచేతిలో సగం ఉంది, అంచు చిలక పచ్చ. రెండూ పక్కపక్కన పెట్టాక చిన్నపిల్లలు కూడా తేడా చెప్పగలరు. "కళ్ళతో చూసి ఖాయంగా చెప్పకూడదు, డీఎన్ఏ చూడాలి. పోలికలన్నీ మాత్రం చర్రు గుల్లవే" అన్నాడు. శాస్త్రంలో మైటెల్లా స్ట్రిగాటా అంటారట. పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికా తీరాలు. ఫిలిప్పీన్స్‌లో 2014లో కనిపించింది, సింగపూర్‌లో 2016లో, ఆ తర్వాత థాయిలాండ్‌లో. మన దేశంలో కొచ్చి దగ్గరి కాయల్‌లో, అంటే సముద్రపు నీళ్ళు కలిసే సరస్సులో, ఉందని 2019లో ప్రకటించారు. కేరళలో దీన్ని వరత్తన్ కక్క అంటారు, అంటే పరాయి గుల్ల. అక్కడి అష్టముడి కాయల్‌లో ఇది గుట్టలుగా పెరిగింది. అష్టముడి గుల్లల వేటకి 2014లో ప్రపంచస్థాయి సుస్థిరత సర్టిఫికెట్ వచ్చింది, దేశంలో ఏ చేపల వేటకైనా అదే మొదటిది. అలాంటి చోటనే ఇది పీట వేసుకుంది. దాదాపు మంచినీళ్ళ దగ్గర్నుంచి సముద్రమంత ఉప్పు దాకా తట్టుకుంటుందట. వానాకాలంలో తియ్యబడి, ఎండాకాలంలో చేదెక్కే మా సరస్సుకి సరిగ్గా సరిపోయింది.

ఎలా వచ్చింది అని అడిగితే బాబాయి మాట్లాడకుండా బకెట్ నిండా నీళ్ళు, ఒక స్టీలు చెంబు తెప్పించాడు. ఖాళీ చెంబు నీళ్ళ మీద పెడితే పక్కకి ఒరిగింది. అందులో రెండు గ్లాసుల నీళ్ళు పోశాక నిటారుగా నిలబడి తేలింది. "ఓడ కూడా ఇంతే. సరుకు దించేశాక ఖాళీగా పోతే ఒరుగుతుంది. అందుకని ఆ రేవు నీళ్ళే అడుగున ఉన్న ట్యాంకుల్లోకి పట్టుకుంటుంది. సరుకు ఎక్కించుకునే రేవులో ఆ నీళ్ళు వదిలేస్తుంది. గుల్ల పిల్లలు కంటికి కనిపించవు, రోజుల తరబడి నీళ్ళలో తేలుతూనే ఉంటాయి. ఓడ అడుగున అంటుకుని వచ్చేవి వేరే." ఆ నీళ్ళను బల్లాస్ట్ నీళ్ళంటారు. వాటిని శుద్ధి చేసి వదలాలనే అంతర్జాతీయ ఒప్పందం 2004లో కుదిరింది, అమల్లోకి వచ్చింది 2017 సెప్టెంబరులో. పదమూడేళ్ళు. ఆ పదమూడేళ్ళూ ఓడలు తిరుగుతూనే ఉన్నాయి.

పచ్చ ఆల్చిప్పని పళ్ళెంలోంచి తీసి తుడుస్తూ ఇంకో మాట కూడా చెప్పాడు. ఇది మనకి మనదే కానీ, 1990లో ట్రినిడాడ్ చేరింది. 1999లో అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం, టాంపా బే దగ్గర కరెంటు ప్లాంటు నీటి గొట్టాల్లో దొరికింది. అక్కడివాళ్ళకి ఇది పరాయి గుల్ల. తప్పు గుల్లది కాదని నాకప్పుడే బాగా అర్థమైంది. ఇక్కడ దీన్ని తినే చేపలు, పీతలు, దీని రోగాలు దీనితోపాటే పుట్టాయి. అక్కడ అవి లేవు.

రాత్రి భోజనాలయ్యాక విశాఖ సంగతి వచ్చింది. అసలు ఈ ప్రయాణంలో నేను విన్న పెద్ద సంగతి ఇదే. బాబాయి ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసిన రోజుల్లో హార్బర్‌లో చెక్క పలకలు తాడుతో నీళ్ళలోకి వదిలేవాళ్ళట. నెలకోసారి పైకి తీసి, వాటి మీద ఏం పెరిగిందో లెక్కపెట్టేవాళ్ళు. కరీబియన్ వైపు పుట్టిన ఇంకో చిన్న గుల్ల, మైటిలాప్సిస్ అంటారు, భారతదేశంలో మొదటిసారి కనబడింది విశాఖ హార్బర్‌లోనే, 1967లో. ఆంధ్రా యూనివర్సిటీ వాళ్ళు దాని గురించి 1971లో రాశారు. తర్వాత అది ముంబై చేరింది, హాంకాంగ్‌లోనూ సింగపూర్‌లోనూ కనబడింది. యాభై ఏళ్ళు దాటినా విశాఖను వదల్లేదు.

అదే గుల్ల 1999 మార్చిలో ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో పడవలు నిలిపే మెరీనాల్లో కనబడింది. ఆరు నెలల ముందు గజ ఈతగాళ్ళు దిగి చూసినప్పుడు అక్కడ లేదు. మార్చిలో చూసేసరికి కొన్ని చోట్ల చదరపు మీటరుకి 23,000 పైగా ఉన్నాయి. అక్కడ ఆటుపోట్ల తేడా చాలా ఎక్కువ కాబట్టి మెరీనాలకి లాకు గేట్లు ఉంటాయి. ఆ గేట్లు మూసేశారు. పడవలన్నిటినీ ఆపేశారు. మూడు మెరీనాల్లో క్లోరిన్, మైలుతుత్తం పోసి ప్రాణమున్న ప్రతిదాన్నీ చంపేశారు. నెల రోజుల్లో పని అయిపోయింది. అక్కడ మళ్ళీ ఆ గుల్ల లేదు.

"పులికాట్‌కి గేటు లేదు కదా బాబాయ్" అన్నాను.

"లేదమ్మా. మైలుతుత్తం పోయడానికి అది తొట్టె కూడా కాదు. పళవేర్కాడులో వీలైనంతవరకు ఏరి తీయడమే. మీ వైపు ఇంకా రాలేదంటున్నావు కదా, మీకు కావాల్సింది ఆ పలకలు."

మా వైపు ఒడ్డున నేను చూసినంతవరకు లేదు. చూసినంతవరకు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

జూన్ 9, పత్తర్‌గట్టి

పిన్ని చెవిదిద్దుల్లో ఒక ముత్యం ఊడిపోయింది. దాన్ని వేయించడానికి పాతబస్తీ వెళ్ళాం. నయాపూల్ దాటి పత్తర్‌గట్టి రాతి కమానుల కింద వరసగా ముత్యాల దుకాణాలు. సముద్రానికి ఇన్ని వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరికి ముత్యాల నగరమని పేరు రావడం నాకు చిన్నప్పట్నుంచీ ఆశ్చర్యమే.

దుకాణంలో పెద్దాయన పనివాడికి దిద్దు ఇచ్చి, మాకు చాయ్ తెప్పించాడు. గాజు అల్మారాలో అరచేతికి మించిన ఒక ముత్యపు చిప్ప పెట్టి ఉంది. చూడొచ్చా అంటే తీసి చేతిలో పెట్టాడు. బరువుగా ఉంది. బయట బురద రంగు, గరుకు. తిప్పితే లోపల గులాబీ, లేత నీలం, ఏటవాలుగా పెడితే పసుపు. మా పెద్దమ్మ కాలు కోసిన గుల్ల లోపలా ఇలాగే మెరుస్తుంది, కాకపోతే వంకాయ రంగు. ఈ చిప్ప చైనా మంచినీటి గుల్లది. "ఇప్పుడు అమ్మేదాంట్లో ఎక్కువ చైనా మాలే అమ్మా. బస్రా ముత్యం అంటే మా తాతల కాలం. ఎవరైనా ఇంట్లో దాచుకున్నది అమ్ముకుంటే తప్ప రాదు" అన్నాడు.

బస్రా ముత్యం పర్షియన్ గల్ఫ్ ముత్యపు గుల్లది. ఆ గుల్ల గురించి బాబాయి ముందురోజు రాత్రే చెప్పాడు, ఆ దుకాణంలో కూర్చున్నాక గానీ నాకు తలకెక్కలేదు. సూయజ్ కాలువ 1869లో తెరిచారు. ఐదేళ్ళు తిరగకముందే, 1874లో, ఆ గుల్ల మధ్యధరా సముద్రంలో, ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర దొరికింది. మనుషులు ఓడల కోసం తవ్వుకున్న కాలువలో అది తన దారి తను చూసుకుంది. ఇప్పుడు తూర్పు మధ్యధరా అంతా ఉంది. నవాబుల మెడలో హారమైనదీ, వేరే సముద్రంలో పరాయిదైనదీ ఒకటే ప్రాణి. పెద్దాయనకు ఈ సంగతి చెబితే చేతిలో పని ఆపి, "ముత్యాల కోసం ఎవరో తీసుకుపోయారేమో అనుకున్నా. అదే పోయిందా!" అన్నాడు. అదే పోయింది. కాలువ మనం తవ్వాం.

దిద్దు తయారైంది. పనివాడు సన్నటి తీగకి ముత్యం గుచ్చి, రెండుసార్లు మెలిపెట్టి, పిన్ని చెవికి పెట్టి చూపించాడు.

సాయంత్రం చార్మినార్ దాకా నడిచాం. గాజుల బజారు, జనం. రాయడానికి ఏమీ లేదు.

జూన్ 10, అత్తాపూర్ నుంచి రాణిగంజ్ దాకా

తెల్లవారే బాబాయితో నడకకి వెళ్ళాను. మూసీ మీద వంతెన దగ్గర ఆగాం. నది కనబడదు, గుర్రపుడెక్క కనబడుతుంది. ఊదా పూలు పూసి పై నుంచి చూడ్డానికి తోటలా ఉంది. దోమలు మాత్రం ముఖం మీద వాలుతున్నాయి. ఇదీ దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే. పూలు బాగున్నాయని మనుషులు చేతులతో తెచ్చి చెరువుల్లో పెంచుకున్నారు. మా సరస్సు గట్ల మీద అల్లుకున్న సర్కారు తుమ్మ కూడా అటు నుంచే వచ్చింది. చేనుల్లో వయ్యారిభామ సంగతి ఏ రైతునడిగినా చెబుతాడు. చిన్నప్పుడు వీటిని నేను మన మొక్కలే అనుకున్నాను. మా స్కూల్లో పిల్లలు ఇప్పటికీ అలాగే అనుకుంటారు. ఇంకో ఇరవై ఏళ్ళకి కాకా ఆళిని కూడా మన గుల్లే అనుకుంటారేమోనని నా భయం. అలవాటైపోయిన దాన్ని ఎవరూ అడగరు.

అదే దారిలో లాకోన్స్ ఉంది, సీసీఎంబీ అనే కేంద్ర పరిశోధన సంస్థ వాళ్ళ వన్యప్రాణుల ల్యాబ్. లోపలికి వెళ్ళలేదు, గేటు ముందు నుంచే నడిచాం. అక్వేరియంలో నాచు తినే సకర్ చేప ఉంటుంది కదా, తెలుగులో దెయ్యం చేప అంటున్నారు, అది ఎక్కడెక్కడికి పాకిందో ఇక్కడి శాస్త్రవేత్తలు చేపను పట్టకుండానే కనిపెట్టారు. ప్రతి ప్రాణీ నీళ్ళలో తన పొలుసో, జిగురో, పెంటో కొంత వదులుతుంది. అందులో దాని డీఎన్ఏ ఉంటుంది. సీసాడు నీళ్ళు వడకట్టి చూస్తే ఆ నీళ్ళలో అది ఉందో లేదో తెలిసిపోతుంది. తూర్పు కనుమల్లో చూసిన నీటి వనరుల్లో 60 శాతం దాకా ఆ చేప చేరిపోయిందని తేల్చారు. నాకు ఆ మాట విన్నప్పట్నుంచి ఒకటే ధ్యాస. గుల్ల పిల్ల కంటికి కనబడదు, ఒడ్డుకి కరుచుకున్నాక గానీ మనకు తెలియదు. సీసాడు నీళ్ళు మాత్రం ముందే చెబుతాయి. సరస్సుకి ఇటు తడ నుంచి అటు వాకాడు దాకా నెలకోసారి పది సీసాల నీళ్ళు పట్టి పంపే పని ఎవరైనా పెట్టుకుంటే, ఆ నీళ్ళు పట్టి ఇచ్చేది మా పడవలవాళ్ళే, ఉచితంగా. సముద్రం లేని ఈ ఊళ్ళోనే, ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం ఉంది. చేపలు ఎక్కడ దొరకొచ్చో, అలలు ఎప్పుడు లేస్తాయో తీరమంతటికీ ఇక్కడి నుంచే కబురు పోతుంది. మా తమ్ముడు పడవెక్కే ముందు ఆ మెసేజ్ చూసుకుంటాడు. అలల కబురు వచ్చే దారిలోనే గుల్లల కబురు కూడా రావచ్చు కదా అని నాకనిపించింది. బాబాయి కూడా తలూపాడు.

పది గంటలకి ట్యాంక్‌బండ్. హుస్సేన్‌సాగర్‌లో మిషన్ పడవ ఒకటి చెత్త, గుర్రపుడెక్క ఎత్తిపోస్తోంది. ఎత్తిన వెంటే వెనక మళ్ళీ కొంత కొట్టుకొస్తోంది. కాసేపు నిలబడి చూశాను.

దారిలో ఒక అక్వేరియం షాపుకి వెళ్ళాం. చిన్న సకర్ చేపలు గాజుకి నోరు అంటించుకుని ఉన్నాయి. ట్యాంక్ క్లీనర్ అని అమ్ముతారు. పెద్దయ్యాక ఏం చేస్తారని అడిగితే షాపు అబ్బాయి దాపరికం లేకుండా చెప్పాడు. "మస్తు పెరుగుతది మేడం, ట్యాంకుల పట్టదు. చంపబుద్ది కాదు కదా, చెరువుల ఇడిచిపెడ్తరు." జాలితోనే చేస్తారు. ఆ జాలి వల్లే ఎక్కడో ఒక జాలరి వల చిరుగుతుంది. ఈ సంగతి ఆ అబ్బాయికి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "వద్దనుకుంటే నాకే తెచ్చియ్యమని బోర్డు పెడ్త" అన్నాడు. పెడతాడనే నమ్ముతున్నాను.

రాణిగంజ్‌లో బాబాయి ఒక హార్డ్‌వేర్ షాపులో తెల్ల పీవీసీ షీటు కొని, అర అడుగు చొప్పున పన్నెండు చదరాలు కోయించాడు. ప్రతిదానికీ నడుమ ఒక రంధ్రం. గరుకు కాగితంతో రెండు వైపులా రుద్దమన్నాడు, నున్నగా ఉంటే గుల్ల పిల్ల పట్టుకోదట. నైలాన్ తాడు, ఒక పర్మనెంట్ మార్కర్. అంతా కలిపి ఒక చీర ఖరీదు కూడా కాలేదు. నీటి మట్టానికి ఒక మీటరు కింద వేలాడాలి, నెలకోసారి తీసి ఫోటో తియ్యాలి, అనుమానమొస్తే గోరువెచ్చని నీళ్ళు కాదు మరిగే నీళ్ళు పొయ్యాలి, ఏ పలకనీ ఒక రేవు నుంచి ఇంకో రేవుకి మార్చకూడదు. ఇవన్నీ కాగితం మీద రాసి, సంతకం కూడా పెట్టి ఇచ్చాడు, క్లాసులో నోట్సు ఇచ్చినట్టు. పచ్చ ఆల్చిప్పని కూడా నాకే ఇచ్చేశాడు. "పిల్లలకి రెండూ పక్కపక్కన పెట్టి చూపించు."

సాయంత్రం నాంపల్లిలో మళ్ళీ చార్మినార్ ఎక్స్‌ప్రెస్. పిన్ని పులిహోర కట్టిచ్చింది.

జూన్ 11, ఇంటి దగ్గర

తెల్లవారుజామున గూడూరులో దిగి, ఇంటికొచ్చి, స్నానం కూడా చేయకుండా పెద్దమ్మకి ఫోన్ చేశాను.

"ఏమన్నారు మే హైదరాబాదులో?"

పేరు చెప్పాను. ఎక్కడి నుంచి వచ్చిందో, ఓడల సంగతి, కొచ్చి సంగతి అన్నీ చెప్పాను. అంతా విని, "పేరు దొరికిందిలే. మందు ఉండాదా?" అంది.

లేదన్నాను. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనకాల ఎవరో తట్ట కడుగుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత "మీ వైపన్నా చూసుకోండి" అని పెట్టేసింది. కాళ్ళకి పాత రబ్బరు బూట్లు పంపిస్తానని చెప్పాలనుకున్నాను, చెప్పలేకపోయాను.

మధ్యాహ్నం రేవు పెద్దలని కలిశాను. సీసాలోని గుల్లలు చేతుల్లోకి తీసుకుని చూశారు. వాళ్ళలో ఇద్దరు పళవేర్కాడులో చూసినవాళ్ళే. అటు నుంచి పడవ కొనుక్కొస్తే ముందు ఒడ్డుకి లాగి, అడుగు గీకి, వారం ఎండబెట్టాకే నీళ్ళలో దించాలని అక్కడికక్కడే అనుకున్నారు. అది నేను అడగలేదు, బాబాయి చెప్పలేదు. వాళ్ళకే తోచింది.

ఎండ తగ్గాక తమ్ముడు, నేను రేవు గుంజల దగ్గరికి వెళ్ళాం. రేపు స్కూళ్ళు తెరుస్తారు, అందుకని నా క్లాసు పిల్లలు నలుగురు వెంటపడి వచ్చారు. మొదటి పలక మీద మార్కర్‌తో తేదీ, రేవు పేరు రాశాను. తమ్ముడు తాడుకి చిన్న రాయి కట్టి నీళ్ళలోకి వదిలాడు. తెల్లటి చదరం కాసేపు కనబడి, ఆకుపచ్చగా మారి, కనబడకుండా పోయింది. తాడు మీటరు దిగి బిగుసుకుంది. మళ్ళీ తీసేది జూలై 11న.